ఫిబ్రవరి చివర్లో కొల్లేరు వెళ్తే పక్షులు కనిపిస్తాయా, సీజన్ అయిపోయినట్టేనా?

మియాపూర్_వాణి:

అందరికీ నమస్కారం. పక్షులు చూడటంలో నాకు ఓనమాలు కూడా రావు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా నాన్నది కైకలూరు దగ్గర ఒక లంక గ్రామం. నలభై ఏళ్ళ కిందట ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చేశాక ఏ పెళ్ళికో పేరంటానికో వెళ్ళి రావడమే తప్ప కొల్లేరు వైపు తీరిగ్గా వెళ్ళింది లేదు. పోయిన నవంబర్లో ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ పొద్దున్నే బాల్కనీలో నిలబడి, ఎదురింటి ట్యాంకు మీద ఏది వాలితే దాని పేరు చెప్తున్నారు, అది గోరింక, ఇది జెముడుకాకి, ఆ దూరంగా తిరుగుతున్నది గద్ద కాదు గరుడపక్షి అని. మొన్న అన్నం తింటూ తింటూ ఆగి, "గూడబాతులు ఇంకా వస్తున్నాయో లేదో, ఒక్కసారి చూసొస్తే బాగుండు" అన్నారు (గూడబాతులంటే పెలికన్లు). ఆయన ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అందుకని ఎలాగైనా తీసుకెళ్ళాలని ఉంది.

సెలవులు మాత్రం శివరాత్రి తర్వాతే కుదురుతున్నాయి. అంటే ఫిబ్రవరి చివరో, మార్చి మొదటి వారమో. తెలిసినవాళ్ళని అడిగితే "పక్షులు నవంబర్ నుంచి జనవరి దాకే, సంక్రాంతి దాటితే సైబీరియా వెళ్ళిపోతాయి, అనవసరంగా అంత దూరం వెళ్ళకండి" అంటున్నారు. నిజమేనా? అంత ప్రయాణం చేయించి ఖాళీ నీళ్ళు చూపించి తీసుకురావాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకొకటి, మా పాప మూడో తరగతి, అది కూడా వస్తుంది, గంటసేపు ఒకచోట కూర్చోగలదా అని అనుమానం. బైనాక్యులర్ కొనాలా, కొంటే ఎలాంటిది కొనాలి? నాన్నకి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ నడవలేరు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.


కొల్లేటి_లంక:

అమ్మా, ఏ అనుమానం పెట్టుకోకుండా తీసుకురండి. సంక్రాంతి సెలవులకి వచ్చినవాళ్ళకంటే మీరే ఎక్కువ చూస్తారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

కైకలూరు నుంచి ఆటపాక రెండు కిలోమీటర్లు, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే చాలు. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెడతాయి. ఒకప్పుడు చెట్ల మీదే పెట్టేవి. ఏడాది పొడుగునా నీళ్ళలో నిలబడీ, పైనుంచి రెట్ట పడీ ఆ చెట్లు ఎండిపోతుంటే ఇనుప స్టాండ్లు పాతించారు, ఇప్పుడు వాటి మీద కూడా చక్కగా కాపురాలు చేస్తున్నాయి. జనవరిలో వచ్చినవాళ్ళకి చాలా గూళ్ళలో కనిపించేది కదలకుండా కూర్చున్న తల్లో, కళ్ళు తెరవని కూనలో. గుడ్డు పొదగడానికే నెల రోజులు పడుతుంది కదా. ఫిబ్రవరి చివరికి ఆ పిల్లలు పెద్దవై, ఒళ్ళంతా తెల్లటి నూగుతో, గూట్లో పట్టనంత అయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. గూడబాతు తల్లి వచ్చి వాలగానే చూడాలి మీరు. నోరు తెరుస్తుంది, పిల్ల తల మొత్తం తల్లి దవడ కింద సంచిలోకి పెట్టేస్తుంది, మెడ దాకా, ఒక్కోసారి భుజాల దాకా లోపలికి వెళ్ళిపోయి మొండెం ఒక్కటే బయట ఊగుతుంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లి పిల్లని మింగేస్తోందని భయపడతారు. మీ పాపకి ముందే చెప్పి ఉంచండి.

రెండో సంగతి నీళ్ళు. బుడమేరు, తమ్మిలేరు నుంచి వానాకాలం వచ్చి పడిన నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతూ పోతూ మాఘ ఫాల్గుణాలకి బాగా తగ్గిపోతాయి. అంచుల్లో బురద బయటపడుతుంది. ఆ బురదే అసలు విందు. అంతకుముందు సరస్సంతా చెదిరిపోయి ఉన్న పిట్టలన్నీ మిగిలిన మడుగుల దగ్గరికి చేరతాయి. కిక్కిస గడ్డి పక్కన ఎర్రకాళ్ళ కొంగలు వరసగా నిలబడి, నోరు సగం తెరిచి నీళ్ళలో ముంచి, ఒక కాలితో బురద కదుపుతుంటాయి, చేప తగలగానే ఠక్కున మూస్తాయి. నత్తగుల్ల కొంగని కూడా ఆ బురదలోనే చూడాలి.

ఇంకో మాట, ఇది ఎవరూ రాయరు. దారిలో ఎక్కడైనా చేపల చెరువు పట్టుబడి జరుగుతుంటే ఆటో ఆపించండి. నీళ్ళు తోడేసి వలలు లాగేశాక అడుగున చిన్న చేపలు, రొయ్యలు మిగులుతాయి, వాటి కోసం తెల్లకొంగలు, గుడ్డికొంగలు, నారాయణ పక్షులు, గద్దలు అన్నీ ఒక్కచోటే, మనుషుల పక్కనే దిగిపోతాయి. పట్టుబడి చేసేవాళ్ళు కూడా ఆ సమయంలో వాటిని తోలరు. మిగతా రోజుల్లో మాత్రం నీటికాకుల్ని తరమడానికి టపాకాయలు పేలుస్తారు, చెరువు మీద దారాలు కడతారు. నష్టం వాళ్ళది, కాదనను. కానీ ఆ దారాల్లో రెక్క చిక్కుకుని వేలాడే కొంగని నేను చాలాసార్లు కోసి విడిపించాను, ఆ బాధ వేరు.

ఇది అభయారణ్యం అయింది 1999లో, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, అదే రామ్‌సర్ జాబితాలోకి వెళ్ళింది 2002లో. 2006లో సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెంచినప్పుడు మా కుటుంబం చెరువు కూడా పోయింది. ఆ రెండేళ్ళు మేం పడ్డది మాకే తెలుసు. అయినా మా అమ్మ పొద్దున్నే వాకిట్లోంచి గూడబాతుల వరస వెళ్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టడం మానలేదు. ఆ కోపం వాటి మీదికి పోలేదు మాకు.

హైదరాబాద్‌లో రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లారేసరికి కైకలూరు వస్తుంది. శివరాత్రి అయిన రెండో రోజు, ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, ఆదివారాలు జనం బాగా ఉంటారు, వాహనాలు దొరకవు. జాతర కూడా చూడాలనుకుంటే సరే, పక్షుల కోసమే అయితే వారం మధ్యలో రండి.


దుర్భిణి:

పైన లంక గారు రాసిందంతా బంగారం. నేను హైదరాబాద్‌లో పదమూడేళ్ళుగా చెరువుల వెంట తిరుగుతున్నాను, ప్రతి ఏడాదీ కొల్లేరుకీ పులికాట్‌కీ ఒక్కసారైనా వెళ్తాను. ఆ సైబీరియా మాట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క మాట వల్లే చాలామంది ఫిబ్రవరి, మార్చి నెలల్ని వదిలేసుకుంటున్నారు.

గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు సైబీరియా నుంచి రావు. అవి మన దేశపు పక్షులే. మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో నీళ్ళూ చేపలూ ఎక్కడ బాగుంటే అక్కడికి కదులుతూ, గూళ్ళు పెట్టే కాలానికి తమకి అలవాటైన చోటికి చేరతాయి. తేలినీలాపురంలో, నేలపట్టులో, ఉప్పలపాడులో, ఆటపాకలో గూళ్ళు పెట్టేవి ఇవే. పిల్లలు ఎగిరేదాకా ఎక్కడికీ పోవు. ఈ గోదావరి జిల్లాల్లో ఇవి కొత్తగా వచ్చినవీ కావు, 1946లోనే కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశోధకుడు పశ్చిమ గోదావరిలో గూడబాతులు గుంపుగా గూళ్ళు పెట్టే చోటుని గుర్తించారు.

నిజంగా ఉత్తరాన్నుంచి, మధ్య ఆసియా నుంచి, రష్యా నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, వెడల్పు మూతి బాతులు, గార్గనీ బాతులు, బురదలో పరుగులు తీసే ఉల్లంకి పిట్టలు, పొడుగు ముక్కు గాడ్విట్లు, రఫ్‌లు. ఇవి కూడా సంక్రాంతికి సంచి సర్దుకుని వెళ్ళిపోవు. చాలావరకు మార్చిలో, కొన్ని ఏప్రిల్లో కదులుతాయి. వెళ్ళే ముందు ఈ నెల రోజులూ వీటిని చూడటం నాకైతే డిసెంబర్లో చూడటంకంటే వంద రెట్లు ఇష్టం. ఎందుకంటే రంగు మారుతుంటుంది. చలికాలమంతా బూడిద రంగులో, ఏది ఏదో తేడా తెలియకుండా ఉన్న గాడ్విట్ మెడ దగ్గర మార్చి వచ్చేసరికి ఇటుక రంగు మరకలు మొదలవుతాయి, వారం వారం కిందకి పాకుతాయి. తోక ఊపుతూ నడిచే కాటుకపిట్టల్లో పసుపువి ఉంటాయి, వాటి గొంతు కింద పసుపు చిక్కబడుతుంది. పగలూ రాత్రీ తింటూ ఒళ్ళు చేస్తాయి, ఎందుకంటే వేల కిలోమీటర్లు ఎగరడానికి ఆ కొవ్వే పెట్రోలు. వానకోయిలలు కరెంటు తీగల మీద వందల్లో బారు కడతాయి, ఒకరోజు పొద్దున్న చూస్తే తీగ ఖాళీ. ఒకే నీటి పక్కన ఒకవైపు పిల్లల్ని సాకుతున్న మన పక్షులు, ఇంకోవైపు ప్రయాణానికి తయారవుతున్న చుట్టాలు, రెండూ ఒకేసారి కనిపించేది ఈ కాలంలోనే. అదీగాక కోయిల గొంతు విప్పేదీ, లకుముకి పిట్ట చెట్టు చివర కూర్చుని ఆగకుండా అరిచేదీ ఇప్పుడే.

బైనాక్యులర్ సంగతి. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 20 రెట్లు, 30 రెట్లు అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి పోవద్దు, చెయ్యి కొంచెం వణికినా బొమ్మ గంతులేస్తుంది, నాన్నగారి వయసుకి అది నరకం. పాప కోసం వేరే కొనక్కర్లేదు, కానీ రెండు గొట్టాల మధ్య దూరం దాని కళ్ళకి సరిపోయేలా దగ్గరికి మడవడం నేర్పండి, లేకపోతే "నాకేం కనపడట్లేదు, నల్లగా ఉంది" అంటుంది. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుంటే కంటి దగ్గర రబ్బరు గిన్నెల్ని లోపలికి తిప్పేయాలి. ఆపరేషన్ అయిన కళ్ళు కదా, నీళ్ళ మీద ఎండ తళతళలు బాగా గుచ్చుతాయి. సూర్యుడు వీపు వెనక ఉండేలా కూర్చోబెట్టండి, అలా కూర్చుంటే పక్షి రంగులు కూడా సరిగ్గా తెలుస్తాయి.

ఒక సలహా. కొల్లేరు వెళ్ళేలోపు మీ ఇంటి దగ్గరే రెండు ఆదివారాలు సాధన చెయ్యండి. మియాపూర్ నుంచి అమీన్‌పూర్ చెరువు ఎంత దూరం చెప్పండి? 2016లో దేశంలోనే మొదటిసారిగా ఒక చెరువుకి జీవవైవిధ్య వారసత్వ స్థలం అనే గుర్తింపు వచ్చింది దానికే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, ఒక పక్క వాసన కూడా వస్తుంది, చూస్తే కడుపు మండుతుంది, అయినా పొద్దున ఆరున్నరకి వెళ్తే బాతులు, బొల్లికోళ్ళు, నీటికాకులు, తీతువులు ఉంటాయి. ఒకే రాయి మీద అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలు ఏమీ లేనట్టే ఉంటుంది, మనల్ని చూసి సర్దుకున్నవి ఆ తర్వాతే బయటికొస్తాయి. ఫిబ్రవరి మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. పదిహేను నిమిషాలు చూసి ఎన్ని కనిపించాయో ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. నాన్నగారు పేర్లు చెప్తుంటే పాప రాయొచ్చు.


తెనాలి_టీచర్:

వాణి గారూ, పాప గురించి అసలు బెంగ పెట్టుకోకండి. ఏటా మా బడి పిల్లల్ని గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్తాను, ఒక్కోసారి నలభై మంది ఉంటారు. మొదటి ఏడాది "అదిగో అది చూడండి, ఇదిగో ఇది చూడండి" అని నేనే గొంతు చించుకున్నాను, పిల్లలు పది నిమిషాలకే పల్లీల బండి దగ్గర తేలారు. తర్వాత పద్ధతి మార్చాను. ఒక్కొక్కరికీ ఒక్క గూడు ఇస్తాను. "ఆ ఎండిన కొమ్మ మీద రెండోది నీది" అని. దాంట్లో ఎన్ని పిల్లలు, తల్లి ఎంతసేపటికి వచ్చింది, వచ్చినప్పుడు ఏది ముందు తింది, ఇవి రాసుకోవాలి. గంటన్నర కదలరు. "టీచర్, మా దాంట్లో చిన్నదానికి దొరకట్లేదు" అని ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది ఒకసారి.

ఇంకో చిట్కా. నత్తగుల్ల కొంగ పెద్దదానికి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పోకచెక్క పట్టేంత. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఏది పెద్దది, ఏది పిల్ల అని ముక్కు చూసి కనిపెట్టమనండి, పాపకి అదొక ఆట.

కొల్లేరు అంత దూరం నాన్నగారు వెళ్ళలేకపోతే ఉప్పలపాడు గుర్తుంచుకోండి. ఊరి చెరువే, చిన్నది, ఎక్కువ నడక లేదు, గూళ్ళు చాలా దగ్గరగా కనిపిస్తాయి. ఊళ్ళో వాళ్ళు వాటిని సొంత ఇంటి పిల్లల్లా చూసుకుంటారు. కాకపోతే మీ నాన్నగారు అడిగింది కొల్లేరు కాబట్టి ముందు అక్కడికే వెళ్ళండి.


మియాపూర్_వాణి:

మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, చాలా థాంక్స్ అండి. లంక గారి పోస్ట్ నాన్నకి చదివి వినిపించాను, కిక్కిస గడ్డి అనగానే "మళ్ళీ చదువు" అన్నారు. చిన్నప్పుడు తాటిదోనెలో వాళ్ళ నాన్నతో చేపలు పట్టే మావులు తీయడానికి వెళ్ళేవారట, నీటికుక్కలు జంటగా ఈదుతూ కనిపించేవట. ఇప్పుడు అవి ఉన్నాయా? ఇంకో ప్రశ్న, పడవ ఎక్కించొచ్చా, లేక గట్టు మీంచే చూస్తే సరిపోతుందా?


కొల్లేటి_లంక:

మావులు అన్నారంటే మీ నాన్నగారు అసలైన కొల్లేటి మనిషే. నీటికుక్కని నా కళ్ళతో చూసి చాలా ఏళ్ళయింది అమ్మా, లేని ఆశ పెట్టను. వాటిని, బావురుపిల్లిని చూడాలని ఉంటే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకి వెళ్ళాలి, అక్కడ ఉన్నాయి, అయినా బావురుపిల్లి తిరిగేది ఎక్కువగా రాత్రిళ్ళు కాబట్టి దొరకడం అదృష్టమే. ఇక్కడైతే గట్ల మీద ముంగిసలు, ఉడుములు, ఎండకి తేలిన తాబేళ్ళు, నీళ్ళలో నీరుకట్టు పాములు తప్పకుండా కనిపిస్తాయి. నీరుకట్టుకి విషం లేదు, కంగారు పడొద్దు, కాకపోతే గడ్డిలో చెప్పుల్లేకుండా మాత్రం తిరగొద్దు, అన్నీ నీరుకట్లే ఉండవు కదా.

పడవ ఎక్కొచ్చు, నాన్నగారి మోకాళ్ళకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇద్దరు పట్టుకోవాలి. పడవతనికి ఒక్కమాట ముందే చెప్పండి, గూళ్ళ కిందకి పోనివ్వొద్దని. అతను మీ సంతోషం కోసం దగ్గరికి తీసుకెళ్తాడు, మీరే వద్దనాలి.


క్లిక్_మూర్తి:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేనూ మార్చిలో ఆటపాక వెళ్దామనుకుంటున్నా, నా దగ్గర చిన్న డ్రోన్ ఉంది. గూళ్ళు పైనుంచి తీస్తే అద్భుతంగా ఉంటాయి కదా, శబ్దం పెద్దగా రాదు. అనుమతి ఎవరిని అడగాలి?


దుర్భిణి:

మూర్తి గారూ, అనుమతి సంగతి తర్వాత, అసలు ఎగరెయ్యొద్దని బతిమాలుతున్నాను. మీరు మంచి ఫొటో కోసమే అడుగుతున్నారు, తెలుసు. కానీ పై నుంచి వచ్చేదేదైనా వాటికి గద్దే. గుంపులో ఒక్కటి లేచిందంటే మొత్తం లేస్తాయి. రెండేళ్ళ కిందట ఒకచోట, పేరు చెప్పను, ఎవరో ఎగరేస్తే నేను గట్టు మీదే ఉన్నాను. తల్లులు లేచి తిరుగుతున్న ఆ ఐదారు నిమిషాల్లో కాకులు దిగాయి. ఒక గూట్లోంచి గుడ్డు ఎత్తుకుపోయాయి, ఇంకో గూట్లో భయానికి వెనక్కి జరిగిన పిల్ల అంచు మీంచి జారి నీళ్ళలో పడింది. మళ్ళీ పైకి చేర్చే దారి ఏ తల్లికీ లేదు.

గుడ్లు లేకపోయినా మార్చి ఎండ ఉంది. ఎర్రకాళ్ళ కొంగ మధ్యాహ్నం రెక్కలు సగం విప్పి పిల్లల మీద నీడ పట్టి నిలబడుతుంది, తనకి ఎంత ఎండ కొడుతున్నా జరగదు. నోట్లో నీళ్ళు తెచ్చి పిల్లల మీద పోస్తుంది కూడా. ఆ తల్లిని పది నిమిషాలు లేపితే నూగు కూడా సరిగ్గా రాని పిల్లలు మాడిపోతాయి. పొద్దున్నే గట్టు మీంచి, సూర్యుణ్ణి వెనకేసుకుని తీయండి. గూట్లోకి వాలేటప్పుడు గూడబాతు రెండు కాళ్ళూ ముందుకి చాపి రెక్కలు పూర్తిగా విప్పుతుంది, ఆ ఒక్క క్షణం దొరికితే పైనుంచి తీసిన వంద ఫొటోలు దాని ముందు దిగదుడుపే.


క్లిక్_మూర్తి:

పిల్ల జారిపడే సంగతి నాకు తట్టలేదు సార్. డ్రోన్ ఇంట్లోనే వదిలి వస్తాను. పొద్దున లైట్‌కి ఏ వైపు నిలబడాలో లంక గారు ఒకసారి చెప్పండి.


మియాపూర్_వాణి:

వెళ్ళొచ్చాం అండి. మార్చి మొదటి బుధవారం. వచ్చి పది రోజులైంది, ఇవాళ కుదిరింది రాయడానికి.

తెల్లారుతుంటే కైకలూరులో దిగాం. ఆటోలో ఆటపాక దగ్గరికి వచ్చేసరికి చెరువు ఇంకా కనపడలేదు, ముందు వాసన, వెంటనే చప్పుడు. వాసన అంటే పచ్చి చేపా సున్నం కలిసినట్టు. పాప ముక్కు మూసుకుంది, నాన్న మాత్రం ఆటోలోంచి సగం బయటికి వంగి "ఉన్నాయి, ఉన్నాయి" అన్నారు.

పడవ ఎక్కలేదు. లంక గారు చెప్పాక నాన్నే వద్దన్నారు. మడత కుర్చీ ఒకటి తీసుకెళ్ళాం, గట్టు మీద ఆయన్ని కూర్చోబెట్టాం, మేం చాప మీద. తెనాలి టీచర్ గారు చెప్పినట్టు పాపకి ఒక గూడు ఇచ్చాం, ఇనుప స్టాండు మీద ఎడమ పక్క చివరిది. మూడు పిల్లలు. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా తల్లో తండ్రో తెలియదు గానీ రెండుసార్లు వచ్చాయి. పాప నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "7.40 వచ్చింది. పెద్దది తల పెట్టేసింది. రెండోది దాని వీపు మీదకి ఎక్కింది. మూడోది చూస్తోంది. 8.55 మళ్ళీ వచ్చింది. మూడోది ఫస్ట్ పెట్టేసింది!!!" రెండున్నర గంటల్లో అది ఒక్కసారి కూడా ఫోన్ అడగలేదు.

నాన్నకి మొదట బైనాక్యులర్ కుదరలేదు. దుర్భిణి గారు చెప్పిన రబ్బరు గిన్నెలు గుర్తొచ్చి తిప్పాక, ఆయన కళ్ళకి పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను దేన్ని చూస్తున్నారని అడిగితే, "దవడ కింద సంచి చూడవే, వణుకుతోంది" అన్నారు. ఎండ ఎక్కుతున్నకొద్దీ గూడబాతులన్నీ నోళ్ళు కొంచెం తెరిచి ఆ పలచటి సంచిని గబగబా ఆడిస్తున్నాయి, ఒంట్లో వేడి అలా పోగొట్టుకుంటాయట, కుక్క నాలుక బయటపెట్టి వగర్చినట్టు. సంచి పలచగా ఉండి ఎండ దాటి వస్తుంటే అందులో నరాలు కూడా కనిపించాయి. చిన్నప్పుడు ఇన్నేళ్ళు చూసినా ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదన్నారు ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చెరువు దగ్గర పట్టుబడి జరుగుతోంది. ఆటో ఆపించాం. అబ్బో, కొంగలు తెల్లటి దుప్పటి పరిచినట్టు. పట్టుబడి చేస్తున్న ఒక పెద్దాయన నాన్నని ఏ ఊరని అడిగి, ఊరి పేరు చెప్పగానే ఎవరబ్బాయివి అని అడిగి, చివరికి నాన్న వాళ్ళ పెదనాన్న పేరు పట్టుకున్నారు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు కొర్రమీను ఒకటి తాటాకులో చుట్టి ఇచ్చారు, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం అమీన్‌పూర్ చెరువుకి వెళ్తున్నాం, నాన్న, పాప, నేను. నాన్న పాత డైరీ ఒకటి తీసి తేదీ వేసి రాస్తున్నారు. పోయిన ఆదివారం వెడల్పు మూతి బాతులు పదకొండు లెక్కపెట్టాం. నిన్న ఒక్కటి కూడా లేదు. పాప చెరువంతా వెతికింది, అవతలి గట్టు దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చింది. డైరీలో ఆ పేరుకి ఎదురుగా అంకె బదులు "బయల్దేరాయి" అని రాశారు నాన్న. పక్కనే పాప పెన్సిల్‌తో "ఎన్ని రోజుల్లో చేరతాయి?" అని రాసి పెట్టింది. దుర్భిణి గారూ, దానికి ఏం చెప్పమంటారు?


దుర్భిణి:

ఎక్కడికక్కడ చెరువు దొరికితే దిగి, తిని, మళ్ళీ ఎగురుతూ వెళ్తాయి కాబట్టి రోజుల్లో కాదు, వారాల్లో అని చెప్పండి. హిమాలయాల అవతల వాటి చెరువుల మీద ఇంకా మంచు ఉంటుంది, అది కరిగేసరికి అక్కడ ఉండాలి. సెప్టెంబర్ చివరి నుంచి ప్రతి ఆదివారం మళ్ళీ అదే రాయి మీద కూర్చోమనండి. మొదటిది ఎప్పుడు దిగిందో ఆ డైరీలో ఆ తేదీ కూడా కావాలి.